కెన్యా సఫారీ కొటేషన్‌లో కనిపించని ఖర్చులు: లెక్క గేటు దగ్గర మొదలుపెట్టండి

మీ ప్రశ్న క్లుప్తంగా: మీరిద్దరూ బెంగళూరు మారతహళ్లిలో ఉంటారు, ఇద్దరూ ఉద్యోగస్తులే, ఇదే మొదటి సఫారీ. మీ ఆవిడకు వైల్డ్‌బీస్ట్ గుంపులు నది దాటడం చూడాలని ఉంది కాబట్టి ఆగస్టుకు నైరోబీ విమానం టికెట్లు 1,04,000కి కొనేశారు. ఏజెంటు ఇద్దరికీ కలిపి 3,60,000 చెప్పాడు. నైరోబీలో 1 రాత్రి, మసాయి మారాలో గేటు బయట క్యాంపులో 3 రాత్రులు, నైవాషాలో 1 రాత్రి. నోటితో "అన్నీ కలిపే సార్" అన్నాడు, కాగితం మీద మాత్రం అడుగున "పార్కు ఫీజులు, పన్నులు అదనం" అని ఉంది. 4,64,000తో అయిపోతుందా, ఇంకా ఎంత పెట్టుకోవాలి, కెమెరాకు పెద్ద లెన్సు కొనాలా అని అడిగారు.

సూటిగా జవాబు: అవ్వదు. ఆ కొటేషన్ ఉన్నది ఉన్నట్టు ఒప్పుకుంటే ఇంకో 2,20,000 దాకా అవుతుంది. బెలూన్ ఎక్కితే 3 లక్షలు దాటుతుంది. కార్యక్రమంలో ఒక్క మార్పు చేయించుకుంటే అదే అదనం లక్షన్నర దగ్గర ఆగుతుంది, జంతువులు కూడా ఇంకా బాగా కనిపిస్తాయి. లెన్సు కొనొద్దు, అద్దెకు తీసుకోండి. (లెక్కలన్నీ డాలరుకు 90 రూపాయలు అనుకుని వేస్తున్నాను. మీరు కట్టే రోజు రేటు చూసి సరిచేసుకోండి.)

ముందు ఆ ఒక్క మార్పు గురించి చెబుతాను. మిగతా తప్పనిసరి ఖర్చుల్లో ఏ ఒక్కటీ దాని అంత పెద్దది కాదు.

గేటు టికెట్టు

మసాయి మారా నేషనల్ రిజర్వు నరోక్ కౌంటీ ప్రభుత్వం కింద ఉంది. విదేశాల నుంచి వచ్చే పెద్దవాళ్లకు టికెట్టు జనవరి నుంచి జూన్ దాకా 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబరు దాకా 200 డాలర్లు. ఇది మనిషికి, రోజుకు. 2024 నుంచి ఇదే నడుస్తోంది. రేటు పెరిగిన సంగతి చాలామందికి తెలుసు. దాంతోపాటు మారిన రెండో సంగతి కొటేషన్లలో కనపడదు: టికెట్టు ఇదివరకటిలా 24 గంటలు చెల్లదు. ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకే. మీరు సాయంత్రం నాలుగున్నరకు గేటు దాటినా పూర్తి రోజు డబ్బే కట్టాలి, ఆరింటికి టికెట్టు చచ్చిపోతుంది.

ఇప్పుడు మీ కార్యక్రమం చూడండి. రెండో రోజు పొద్దున నైరోబీలో బయలుదేరి నరోక్ మీదుగా సెకెనాని గేటు దగ్గరికి చేరడానికి ఐదారు గంటలు పడుతుంది. క్యాంపులో భోజనం అయ్యేసరికి మూడున్నర. "సాయంత్రం గేమ్ డ్రైవ్" (బండిలో తిరిగి జంతువులను చూడటం) అని రాసింది అప్పుడే. గేటులో వరస, కాగితాలు అయ్యి లోపలికి వెళ్లేసరికి నాలుగున్నర, ఆరింటికి బయట ఉండాలి. ఆ గంటన్నరకు ఇద్దరికీ 400 డాలర్లు, అంటే 36,000 రూపాయలు. ఆఖరి రోజు "ఉదయం గేమ్ డ్రైవ్ తర్వాత నైవాషాకు ప్రయాణం" అన్నారు. ఆరున్నరకు లోపలికి వెళ్లి తొమ్మిదింటికి బయటికి వస్తారు, మళ్లీ 36,000. మధ్యలో రెండు పూర్తి రోజులు. మొత్తం మనిషికి 4 టికెట్లు, ఇద్దరికీ 1,600 డాలర్లు, 1,44,000 రూపాయలు.

ఏజెంటుకు ఇలా చెప్పండి: మొదటి సాయంత్రం డ్రైవ్, ఆఖరి ఉదయం డ్రైవ్ తీసేయండి. మధ్య రెండు రోజులూ ఉదయం 6కు గేటు దగ్గర ఉండేలా, మధ్యాహ్నానికి డబ్బా భోజనం కట్టించుకుని, సాయంత్రం 6 దాకా లోపలే ఉండేలా రాయండి. టికెట్లు మనిషికి 2 అవుతాయి. ఇద్దరికీ 800 డాలర్లు, 72,000 రూపాయలు. సగానికి సగం తగ్గింది, పోయింది రెండు ముక్కల డ్రైవులు మాత్రమే.

మీ ఆవిడ కోరికకు కూడా ఇదే సరైన పద్ధతి. నది దాటడానికి వేళాపాళా ఉండదు. గుంపు ఒడ్డుకు వచ్చి, ముందున్న జంతువు నీళ్లు వాసన చూసి, వెనక్కి తిరిగిపోయి, మళ్లీ రెండు గంటలకు వచ్చి, ఒక్కసారిగా దూకేస్తుంది. పొద్దున ఒక డ్రైవ్, సాయంత్రం ఒక డ్రైవ్ పద్ధతిలో వెళ్లేవాళ్లు పదకొండుకు భోజనానికి క్యాంపుకు తిరిగిపోతారు. వాళ్లు పోయాక మధ్యాహ్నం పన్నెండుకో ఒంటిగంటకో గుంపు దాటిన రోజులు బోలెడు. రోజంతా ఒడ్డునే ఉండగలిగితేనే అవకాశం పెరుగుతుంది. అప్పుడు కూడా ఖాయం కాదు, దాన్ని చూపిస్తామని హామీ ఇచ్చే ఏజెంటును నమ్మొద్దు.

రోజంతా వాహనంలో అంటే నడుం నొప్పి, దుమ్ము, బాత్రూము ఇబ్బంది ఉంటాయి. రిజర్వులో ఎక్కడ పడితే అక్కడ దిగనివ్వరు. గైడు చుట్టూ చూసి, ఇక్కడ పరవాలేదన్న చోట వాహనం వెనక వైపు మాత్రమే దిగాలి. ఆడవాళ్లకు ఇది నిజంగా కష్టం, సిగ్గుపడి నీళ్లు తాగడం మానేస్తారు, సాయంత్రానికి తలనొప్పి పట్టుకుంటుంది. దారిలో టాయిలెట్లున్న గేట్లు, ఎయిర్‌స్ట్రిప్‌లు ఎక్కడెక్కడ వస్తాయో పొద్దున్నే గైడును అడిగి, ఆ లెక్కన ఆపించుకోండి.

రిజర్వు లోపల బస చేస్తే లెక్క వేరు. మూడు రాత్రులకు మూడు టికెట్లు పడతాయి, కానీ ఆఖరి రోజు ఉదయం 10 లోపు గేటు బయట ఉండాలి. పది దాటితే మనిషికి ఇంకో 200 డాలర్లు. తీరిగ్గా టిఫిను చేసి, ఫొటోలు దిగి, తొమ్మిదిన్నరకు బయలుదేరి, దారిలో సింహం కనిపిస్తే ఆగి, గేటు దగ్గర గొడవపడే వాళ్లు ప్రతి సీజన్లో ఉంటారు. లోపలి క్యాంపు నుంచి గేటుకు గంటకు పైగా పట్టొచ్చు, ఎనిమిదికే కదలండి.

ఉత్తరాన నబోయిషో, ఒలారే మొటొరోగి, మారా నార్త్ లాంటి ప్రైవేటు కన్సర్వెన్సీలు (రిజర్వు బయటి రక్షిత ప్రాంతాలు) ఉన్నాయి. అక్కడ రాత్రిపూట డ్రైవ్ ఉంటుంది, దారి వదిలి జంతువు దగ్గరికి వెళ్లనిస్తారు. ఈ రెండూ రిజర్వులో కుదరవు. వాటి ఫీజు వేరు, మామూలుగా క్యాంపు ధరలో కలిపేస్తారు. కానీ అక్కడుండి నది దగ్గరికి రావాలంటే రిజర్వు టికెట్టు మళ్లీ కొనాలి. నది దాటడమే చూడాలనుకునే మీకు కన్సర్వెన్సీ బస రెండు ఫీజుల వ్యవహారం అవుతుంది, ఈసారికి వద్దు.

తేదీలు ఇంకా ఖాయం చేసుకోని వాళ్లకు ఒక మాట. సింహాలు, ఏనుగులు, చిరుతలు, జిరాఫీలు మారాలో ఏడాదంతా ఉంటాయి. వైల్డ్‌బీస్ట్ వలస గుంపు టాంజానియాలోని సెరెంగెటి నుంచి మారాలోకి వచ్చి ఉండేది సుమారుగా జూలై నుంచి అక్టోబరు దాకా. వలస చూడాలన్న పట్టుదల లేకపోతే జనవరి, ఫిబ్రవరి, జూన్ నెలల్లో గేటు ఫీజు సగం, క్యాంపు ధరలూ తక్కువే, ఒక్కో సింహం చుట్టూ ఇరవై బండ్లు మూగవు. మార్చి నుంచి మే దాకా ఇంకా చవక, కానీ అవి పెద్ద వానలు. మారా నేలలో చాలా భాగం మన నల్లరేగడి లాంటిదే. తడిస్తే చక్రం ఎలా కూరుకుపోతుందో కర్నూలు, గుంటూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ నెలల్లో వ్యానులో వెళ్లొద్దు, ఫోర్ బై ఫోర్ ల్యాండ్ క్రూజర్ ఉంటేనే బయలుదేరండి.

వాహనం: కొటేషన్‌లో ఈ ఒక్క పదం లేకపోతే అడగండి

"సఫారీ వెహికల్" అని రాస్తే అది వ్యాను కావచ్చు, ల్యాండ్ క్రూజర్ కావచ్చు. మీ ఇద్దరికే కావచ్చు, ముక్కూ మొహం తెలియని ఇంకో నలుగురితో కలిపి కావచ్చు. కలిపి వెళ్లేదైతే మీరు రోజంతా లోపలే ఉందామన్నా మిగతావాళ్లు భోజనానికి పోదామంటారు, పైన చెప్పిన పద్ధతి మొత్తం దెబ్బతింటుంది. అందుకని మీకు ప్రైవేటు వాహనం కావాలి. దానికి అదనంగా ఎంతో రాయించుకోండి. గేటు టికెట్లలో మిగిలిన 72,000లో కొంత ఇక్కడ పెట్టినా మంచి ఖర్చే. రూఫు పైకి లేచేదిగా ఉండాలి, ఇద్దరికీ కిటికీ సీట్లు ఉండాలి. రోజుకు ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని గంటలు అన్న పరిమితి ఉందేమో అడగండి. కొందరు ఆపరేటర్లు డీజిల్ మిగుల్చుకోవడానికి ఇది పెడతారు, నది దాకా వెళ్లాలంటే అక్కడికక్కడ డబ్బు అడుగుతారు.

రోడ్డు వద్దని నైరోబీలోని విల్సన్ విమానాశ్రయం నుంచి చిన్న విమానంలో మారాకు వెళ్లొచ్చు, ముప్పావు గంట. ఒక్కొక్కరికి రానుపోను 400 డాలర్లు దాటడం మామూలే. పైగా నైరోబీ నుంచి వచ్చే వాహనం ఉండదు కాబట్టి డ్రైవులు క్యాంపు వాహనంలో, క్యాంపు రేటుకు. ఆ విమానాల్లో సామాను చేతి సంచితో కలిపి 15 కిలోలే, అదీ మెత్తటి సంచిలోనే. గట్టి చక్రాల సూట్‌కేసు లోపల పట్టదు. మీ కార్యక్రమంలో నైవాషా ఉంది, రోడ్డే మీకు సరి.

టీకా: దీన్ని మాత్రం వాయిదా వేయకండి

ఎల్లో ఫీవర్ టీకా ఖర్చు చాలా తక్కువ, ప్రభుత్వ కేంద్రంలో 300 రూపాయలు. కానీ వేయించుకోకపోతే పడే దెబ్బ అన్నింటికన్నా పెద్దది. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాలంటూ మన ప్రభుత్వం పెట్టిన జాబితాలో కెన్యా ఉంది. తిరిగి వచ్చేటప్పుడు కెంపేగౌడ విమానాశ్రయంలో పసుపు కార్డు (టీకా వేసినట్టు ఇచ్చే కార్డు) చూపించలేకపోతే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచే అధికారం వాళ్లకుంది. అడిస్ అబాబా మీదుగా వచ్చినా అంతే, ఇథియోపియా కూడా జాబితాలోదే. కార్డు టీకా వేసిన 10 రోజుల తర్వాతే చెల్లుతుంది. ఒకసారి వేయించుకుంటే జన్మంతా చాలు, 2016 జూలై నుంచి అంతర్జాతీయంగా అదే నియమం.

ఏ ఆసుపత్రిలో పడితే అక్కడ వేయరు, కేంద్ర ఆరోగ్య శాఖ గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. చెన్నైలో ఉన్న మన వాళ్లకు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఒక సీసాలో పలు డోసులు ఉంటాయి, కలిపాక కొన్ని గంటల్లో వాడేయాలి. అందుకని చాలాచోట్ల వారంలో కొన్ని రోజులే, ముందుగా పేరు నమోదు చేసుకున్న వాళ్లకే వేస్తారు. ప్రయాణానికి కనీసం నెలన్నర ముందు ఈ పని పెట్టుకోండి. ఒరిజినల్ పాస్‌పోర్టు తీసుకెళ్లండి, కార్డు మీద నంబరు, పేరు అక్షరం తప్పు లేకుండా ఉన్నాయో అక్కడే చూసుకోండి. ఇది బతికున్న వైరస్‌తో చేసే టీకా. గుడ్డు తీవ్రంగా పడని వాళ్లు, గర్భవతులు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు, అరవై దాటినవాళ్లు ముందు డాక్టరుతో మాట్లాడాలి. మీరు పిల్లల కోసం ప్లాన్ చేస్తుంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.

మారాలో మలేరియా ఉంది. మందు ఏదన్నది డాక్టరు నిర్ణయిస్తారు. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే వెళ్లే ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి తిరిగొచ్చాక 7 రోజులు, డాక్సీసైక్లిన్ అయితే తిరిగొచ్చాక 4 వారాలు వాడాలి. సగంలో ఆపేయడమే అందరూ చేసే తప్పు. టీకా, మందులు, డాక్టరు ఫీజు కలిపి ఇద్దరికీ 5,000 పెట్టుకోండి. ప్రయాణ బీమాకు ఇంకో 4,000. అందులో "విమానంలో తరలింపు" ఉందో లేదో చూడండి. మారాలో ఏదైనా జరిగితే నైరోబీ ఆసుపత్రికి విమానంలోనే తీసుకెళ్లాలి, బీమా లేకుండా ఆ బిల్లు మోయలేరు.

వీసా బదులు ఇ-టి-ఎ

2024 జనవరి నుంచి కెన్యాకు వీసా లేదు, ప్రయాణానికి ముందు ఆన్‌లైన్‌లో ఇ-టి-ఎ అనే అనుమతి తీసుకోవాలి. మనిషికి 30 డాలర్ల పైచిలుకు, ఇద్దరికీ 6,000 అనుకోండి. విమానం టికెట్టు, బస వివరాలు, ఫొటో, ఆరు నెలలు చెల్లే పాస్‌పోర్టు కావాలి. వెతికితే పైన వచ్చే సైట్లలో కొన్ని దళారులవి, అదే పనికి రెండు మూడింతలు తీసుకుంటాయి. చిరునామా చివర డాట్ గో డాట్ కేఈ ఉన్నదే ప్రభుత్వానిది. రెండు వారాల ముందే పెట్టేయండి.

పన్నులు, కార్డులు, నోట్లు

ఏజెంటు బిల్లు మీద 5 శాతం జీఎస్టీ, మీకు 18,000. ఇది ఖర్చే, తిరిగి రాదు. దానితోపాటు టీసీఎస్ (ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు. దాని శాతం బడ్జెట్టు బడ్జెట్టుకూ మారుతూ ఉంటుంది (2025-26లో 10 లక్షల వరకు 5 శాతం), డబ్బు కట్టే రోజు అడగండి. టీసీఎస్ ఖర్చు కాదు, ఆదాయపు పన్ను రిటర్నులో మీ లెక్కకు జమ అవుతుంది. కానీ కట్టే రోజు చేతిలో ఉండాలి. బిల్లు ఎవరి పాన్ మీద ఉంటే జమ వాళ్లకే. ఇద్దరూ సంపాదిస్తున్నారు కాబట్టి ఎవరి పాన్ ఇస్తున్నారో గుర్తుపెట్టుకోండి, లేకపోతే రిటర్ను వేసే రోజు ఇద్దరి 26ఏఎస్‌లూ (పన్ను జమలు చూపే పత్రాలు) వెతుక్కోవాలి.

మామూలు క్రెడిట్ కార్డులకు విదేశీ లావాదేవీ మీద 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి 4.13 శాతం. లక్ష ఖర్చుకు 4,130. తక్కువ మార్కప్ ఉన్న కార్డో, ఫారెక్స్ కార్డో తీసుకోండి. మిషను "రూపాయల్లో కట్టాలా, షిల్లింగుల్లోనా" అని అడిగితే షిల్లింగులే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకం రేటు వాళ్లది. డాలరు నోట్లు 2009 తర్వాతవి, చిరుగు, ఇంకు మరక లేనివి తీసుకోండి. పాతవి అక్కడ తీసుకోరు. 1, 5, 10 డాలర్ల చిల్లర ఎక్కువగా ఉంచుకోండి, లేకపోతే ఐదు ఇవ్వాల్సిన చోట ఇరవై ఇవ్వాల్సి వస్తుంది.

టిప్పులు. ఇవి ఐచ్ఛికం అని రాసి ఉంటుంది. కానీ అక్కడి గైడు కుటుంబం ఆ డబ్బు మీదే నడుస్తుంది, ముందే లెక్కలో పెట్టుకోండి. డ్రైవర్ గైడుకు మనిషికి రోజుకు 10 డాలర్లు, క్యాంపు సిబ్బంది పెట్టెలో మనిషికి రాత్రికి 5 డాలర్లు. ఇద్దరికీ ఐదు రోజులకు 150, సామాను మోసేవాళ్లకు 20. మొత్తం 15,000 దాటుతుంది. గైడుది ఆఖరి రోజు కవరులో పెట్టి చేతికివ్వండి. ఒక హెచ్చరిక: టిప్పు ఆశ చూపించి దారి వదిలి సింహం దగ్గరికి పొమ్మని అడగొద్దు. రేంజర్లు పట్టుకుంటే జరిమానా, బయటికి పంపడం గైడుకు, మీకు ఇద్దరికీ.

ఫుల్ బోర్డు అంటే మూడు పూటల భోజనం, అంతే. చాలా క్యాంపుల్లో నీళ్ల సీసా నుంచి బట్టలుతకడం దాకా వేరే బిల్లు. నైరోబీ-నరోక్ దారిలో భోజనాలు, క్యాంపులో పానీయాలు కలిపి 9,000 వేసుకోండి. శాకాహారానికి ఇబ్బంది లేదు, తూర్పు ఆఫ్రికాలో గుజరాతీలు, పంజాబీలు తరాలుగా ఉన్నారు. నైరోబీ పార్క్‌లాండ్స్‌లో డైమండ్ ప్లాజా దగ్గర మన దోసె కూడా దొరుకుతుంది. డబ్బా భోజనంలో మాత్రం బ్రెడ్డు, ఉడికిన గుడ్డు, అరటిపండే వస్తుంది. రెండు రోజులూ అదే తినాలి కాబట్టి కందిపొడి, కారప్పొడి, వేయించిన అటుకులు తీసుకెళ్లండి. ప్లాస్టిక్ కవర్లలో మాత్రం కట్టకండి. 2017 ఆగస్టు నుంచి కెన్యాలో ప్లాస్టిక్ సంచులు నిషేధం, విమానాశ్రయంలోనే తీసేయిస్తారు. 2020 జూన్ నుంచి పార్కుల్లో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలూ కుదరవు. చిన్న స్టీలు డబ్బాలు, గుడ్డ సంచులు, ఇద్దరికీ చెరో స్టీలు బాటిలు చాలు.

మిలిటరీ మచ్చల బట్టలు అక్కడ మామూలు మనుషులు వేసుకోకూడదు, వాటిని ఇంట్లోనే వదిలేయండి. డ్రోన్ కూడా. అనుమతి లేకుండా తెస్తే విమానాశ్రయంలో పట్టుకుంటారు. ఆఫ్రికా అనగానే ఎండ అనుకుని పల్చటి చొక్కాలతో వెళ్లొద్దు. మారా ఎత్తైన ప్రదేశం, ఆగస్టు తెల్లవారుజామున రూఫు ఎత్తి నిలబడితే ఊటీ చలి. స్వెట్టరు, మఫ్లరు మన దగ్గరివే తీసుకెళ్లండి, క్యాంపు దుకాణంలో ధర చూస్తే కళ్లు తిరుగుతాయి.

నైవాషా, మసాయి గ్రామం. సరస్సులో పడవ, క్రెసెంట్ ఐలాండ్, హెల్స్ గేట్ పార్కు, అన్నిటికీ వేర్వేరు టికెట్లు. ఒకటి ఎంచుకోండి, పడవ చాలు, నీటిగుర్రాలు అక్కడే కనిపిస్తాయి. మసాయి గ్రామానికి, పడవకు కలిపి ఇద్దరికీ 9,000. గ్రామానికి మారా చేరిన మొదటి సాయంత్రం వెళ్లండి, డ్రైవ్ తీసేశాం కాబట్టి ఆ సమయం ఖాళీ. ధర లోపలికి వెళ్లకముందే మాట్లాడుకోవాలి. లోపల పూసల గొలుసులకు మొదట చెప్పే ధరలో సగం కన్నా తక్కువకే బేరం కుదురుతుంది. దారిలో "పక్కనే నకురు, చూసి పోదాం" అని ఎవరైనా అంటే గుర్తుంచుకోండి, అది కెన్యా వైల్డ్‌లైఫ్ సర్వీసు పార్కు, ఫీజు వేరే, చేతి డబ్బు తీసుకోరు, ఆన్‌లైన్‌లోనే కట్టాలి.

బెలూన్. మనిషికి 450 నుంచి 550 డాలర్లు. ఇద్దరికీ 81,000 నుంచి 99,000. తెల్లవారకముందే లేచి, గంట సేపు గాలిలో, దిగాక గడ్డిలో టిఫిను. అందంగానే ఉంటుంది, కాని పైనుంచి జంతువులు చిన్నగా కనిపిస్తాయి. పైగా మీ పన్నెండు గంటల టికెట్టులో పొద్దుటి మూడు గంటలు, సింహాలు కదిలే గంటలు, దీనికే పోతాయి. రెండే పూర్తి రోజులున్న మీకు నేను వద్దంటాను. ఆ డబ్బుతో ప్రైవేటు వాహనం తీసుకోండి.

లెక్క కూడితే ఇలా: గేటు 1,44,000, జీఎస్టీ 18,000, ఇ-టి-ఎ 6,000, టీకా, మందులు 5,000, బీమా 4,000, టిప్పులు 15,000, తిండి, పానీయాలు 9,000, పడవ, గ్రామం 9,000, లెన్సు అద్దె 8,000, కార్డు మార్కప్ 4,000. మొత్తం 2,22,000. గేటు 72,000కు దిగితే 1,50,000. ప్రైవేటు వాహనం తేడా, టీసీఎస్ దీనిలో లేవు.

ఏజెంటుకు ఫోనులో కాదు, మెయిలులో ఇవి అడగండి, జవాబు కూడా మెయిలులోనే తీసుకోండి. మారా గేటు టికెట్లు మనిషికి ఎన్ని, ఏ రేటుకు, ధరలో ఉన్నాయా? వాహనం ఏది, మా ఇద్దరికేనా, కిలోమీటర్ల పరిమితి ఉందా? క్యాంపు పేరేమిటి, గేటుకు ఎంత దూరం? "లేదా అదే స్థాయి క్యాంపు" అన్న మాట తీసేస్తారా? నైరోబీలో విమానాశ్రయం నుంచి హోటలుకు, ఆఖరి రోజు హోటలు నుంచి విమానాశ్రయానికి వాహనం ఉందా? నైవాషా నుంచి వచ్చిన సాయంత్రం విమానం అర్ధరాత్రికైతే మధ్యలో ఎక్కడ ఉంటాం? రద్దు చేసుకుంటే ఏ తేదీకి ఎంత పోతుంది? కెన్యాలో బండి నడిపే ఆపరేటరు ఎవరు, కాటో అనే అక్కడి టూర్ ఆపరేటర్ల సంఘంలో సభ్యుడా? ఈ జవాబులు ఇవ్వడానికి తడబడితే అడ్వాన్సు కట్టకండి.

వీలైతే వెళ్లేలోపు ఒక వారాంతం నాగరహొళె అడవి అంచున ఉన్న కబిని వెళ్లి రండి. బెంగళూరు నుంచి 220 కిలోమీటర్ల లోపే. తెల్లవారి లేవడం, మూడు గంటలు కదలకుండా కూర్చోవడం, కదిలే బండిలోంచి ఫొటో తీయడం మీకు పడుతుందో లేదో అక్కడ తేలిపోతుంది. అక్కడా ఇదే పాఠం: రూము అద్దె వేరు, సఫారీ వేరు, లెన్సు సైజును బట్టి కెమెరా రుసుము వేరు, రూము 7,500 దాటితే జీఎస్టీ 18 శాతం. 2025 నవంబరులో పులులు మనుషుల మీద పడటంతో నాగరహొళె, బండీపురల్లో సఫారీలు ఆపేశారు. కాబట్టి సఫారీ సీటు ఖాయమయ్యాకే రూముకు డబ్బు కట్టండి, సఫారీ లేకపోతే డబ్బు తిరిగిస్తారా అని అడగండి.

ఇక లెన్సు. మారాలో చెట్లు తక్కువ, జంతువులు దగ్గరికే వస్తాయి, 100-400 మిల్లీమీటర్ల జూమ్ లెన్సు చాలు. 600ది మోయలేరు, కిక్కిరిసిన వాహనంలో తిప్పలేరు. బెంగళూరులో అద్దెకిచ్చే దుకాణాలు బోలెడు. ప్రయాణపు రోజులు కూడా అద్దెలో లెక్కేస్తారు, డిపాజిట్ తీసుకుంటారు, విదేశానికి తీసుకెళ్లడానికి ఒప్పుకుంటున్నట్టు రాయించుకోండి. ఖరీదైన సామాను కాబట్టి వెళ్లేటప్పుడు కెంపేగౌడ విమానాశ్రయంలో కస్టమ్స్ దగ్గర ఎగుమతి ధృవపత్రం తీసుకుంటే తిరిగొచ్చేటప్పుడు "ఇది అక్కడ కొన్నారా" అన్న ప్రశ్న రాదు. సీరియల్ నంబర్లు కాగితం మీద రాసి పెట్టుకుంటే పని తొందరగా అవుతుంది. అక్కడి ప్లగ్గులు మూడు చదరపు పిన్నులవి, ఒక అడాప్టరు, దానికి మన ఎక్స్‌టెన్షన్ బాక్సు. కొన్ని క్యాంపుల్లో కరెంటు పొద్దున, రాత్రి కొన్ని గంటలే, బ్యాటరీలు రెండు అదనంగా ఉండాలి.

ట్రైపాడ్ వద్దు. జిప్పు ఉన్న చిన్న గుడ్డ సంచి, దిండు గలీబంత, ఖాళీగా తీసుకెళ్లండి. నరోక్‌లో ఆగినప్పుడు రెండు కిలోల బియ్యం కొని అందులో పోసి, రూఫు అంచు మీద పరిచి, దాని మీద లెన్సు ఆనించండి. ఇంజను ఆపమని గైడుకు చెప్పి, అప్పుడు నొక్కండి. లోపల బండి ఎక్కాక లెన్సు మార్చకండి, సన్నటి దుమ్ము సెన్సారు మీద పడితే రెండు రోజుల ఫొటోలన్నిటి మీదా ఒకే చోట మచ్చ ఉంటుంది. చివరి రోజు ఆ బియ్యం క్యాంపు వంటవాళ్లకు ఇచ్చేసి రండి.